ఆయ్ అంటే ఔనని కాదు

అమలాపురంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను నేను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప ఫ్రేము తగిలించి, అద్దం తీసి అద్దం పెట్టి, "ఇప్పుడు కనిపిస్తోందాండీ?" అని అడగడం నా ఉద్యోగం. మా వైపు జనం దీనికి ఇచ్చే జవాబు ఒక్కటే.

"ఆయ్."

"ఏం అక్షరం కనిపిస్తోందండీ?"

"ఆయ్, కనిపిస్తోందండి."

"అదేనండీ, ఏం అక్షరం?"

"మీకు తెలీదేంటమ్మా, మీ గోడ మీదదే కదా."

బయటి ఊళ్ళవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. కోనసీమలో ఆయ్ అంటే ఔను. ఆయ్ అంటే వింటున్నాను. ఆయ్ అంటే మీరు పెద్దవారు, మీ మాటకి నేను అడ్డు చెప్పను. ఆయ్ అంటే సరే ఇంక దయచెయ్యండి, అని కూడా. ఏది ఎప్పుడో గొంతుని బట్టి పోల్చుకోవాలి. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మేం పొరబడమని మా ధీమా. మా అమ్మ ఆ ధీమాతోనే మునిగింది. ఆవిడ కొంగు పట్టుకుని నేనూ.

మా అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే రోడ్డు మీద మా ఊరు. ఊరంతా ఆవిణ్ణి టీచరు గారనే పిలుస్తారు. నాన్నగారు బతికున్న రోజుల్లో ఆయన కూడా, కోపం వస్తే అలాగే పిలిచేవారు. స్కూల్లో అమ్మకి ఒక పట్టుదల ఉంది. ఏం అడిగినా పిల్లలు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. కర్త, కర్మ, క్రియ ఉండాలి. "నీళ్ళు" అంటే కుదరదు. "టీచరు గారండీ, నేను నీళ్ళు తాగి వస్తానండి" అనాలి. బయటికి వెళ్ళడానికి చిటికెన వేలు చూపించినా అంతే. వాక్యం కుదిరేలోపు అవసరం అక్కడే తీరిపోయిన పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళల్లో కొందరు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, పేర్లు చెప్పడం బాగోదు.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. అక్కడ పాస్టరు గారి ప్రసంగాన్ని వాక్యం అంటారు. అంచేత మా ఇంట్లో వాక్యం రెండు రకాలు. పాస్టరు అయ్యగారు చెప్పేదొకటి, అమ్మ చెప్పించేదొకటి. రెంటికీ నిద్రపోకుండా కూర్చోవాలి.

అంత పట్టుదల ఉన్న మనిషి సొంత కొడుకు దగ్గర మాత్రం ఒకటిన్నర అక్షరంతో సరిపెట్టుకుంది.

అన్నయ్య కువైట్లో ఏసీ మెకానిక్కుగా కొన్నేళ్ళు చేసేడు. మందు దొరకని దేశానికి మామూలు మనిషిగా వెళ్ళి, మందు లేకపోతే నిలవలేని మనిషిగా తిరిగొచ్చినవాడు మా మండలంలో వాడొక్కడే అయ్యుంటాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు దుప్పట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. వాడూ తెచ్చేడు. వాటితో పాటు ఇది కూడా తెచ్చుకున్నాడు. ఎయిర్‌పోర్టులో ఎవరూ పట్టుకోలేదు.

తాగితే గోల చేసే రకం కూడా కాదు. అదొక్కటీ చేసినా మాకు కొంచెం సుఖంగా ఉండేది, తిట్టుకోడానికి. తాగేక వాడికి మర్యాద ఇంకా ఎక్కువయ్యేది. కాలవ గట్టు మీద పడిపోయినవాణ్ణి ఎవరైనా లేపబోతే, "ఆయ్, మీకెందుకండీ శ్రమ, నేను ఇక్కడ బాగానే ఉన్నానండి" అనేవాడు. అలా మర్యాదగా ఉద్యోగం పోయింది, మర్యాదగా ఒక పెళ్ళి సంబంధం పోయింది, మర్యాదగా పచ్చకామెర్లు వచ్చేయి.

అప్పుడు రాజమండ్రిలో మందు మాన్పించే చోట చేర్పించేం. వాడు తిరిగి వచ్చేసరికి కాస్త సన్నబడ్డాడు, జుట్టు పొట్టిగా కత్తిరించేరు, కళ్ళల్లో పసుపు పోయింది. అక్కడి సంగతులు నాకు చెప్పి నవ్వించేవాడు. "యోగా చెప్పే ఆయనకి చెయ్యి వణుకుతుందే చెల్లాయ్. మేమందరం ఆయన్ని చూసి అదే ఆసనం అనుకుని వణికించేవాళ్ళం." మా ఇంట్లో జోకులు నేను వేస్తానని అందరూ అనుకుంటారు గానీ, నేను నేర్చుకున్నది వాడి దగ్గరే. వాడు ఒక్క జోకు వేస్తే నేను దాన్ని షాపులో వారం రోజులు వాడుకునేదాన్ని.

పొద్దున్నే స్కూలుకి వెళ్ళేముందు, బ్యాగు భుజాన వేసుకుని, గేటు దగ్గర నిలబడి అమ్మ రోజూ అడిగేది.

"నాన్నా, మానేసేవు కదా?"

"ఆయ్."

"ఇంక దాని జోలికి వెళ్ళవు కదా?"

"ఆయ్, అమ్మా."

అంతే. ఆ రెండు ఆయ్‌లూ టిఫిను బాక్సులా చేత్తో పట్టుకుని ఆవిడ బస్సెక్కేది. మధ్యాన్నం దాకా వాటి మీదే నడిచేది.

ఇంక కొబ్బరి బొండాల సంగతి. రాజమండ్రి డాక్టరు గారు, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోమన్నారు. మా పెరట్లో కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఇంక అమ్మని ఆపేదెవరు? దింపు తీసే ఆయన్ని పిలిచి, కాయ ముదరకముందే గెలలు దింపించేది. రోజూ స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా, కత్తి పుచ్చుకుని బొండాం చెక్కి, చిల్లు పెట్టి, స్ట్రా గుచ్చి ఇచ్చేది. వాడు దాన్ని రెండు చేతులతో, ప్రసాదం పుచ్చుకున్నట్టు పుచ్చుకునేవాడు. పెరటి పాక వైపు వెళ్ళేవాడు. కాసేపటికి వీధి అరుగు మీదకి వచ్చి కూర్చుని, నెమ్మదిగా, పొద్దుగూకే దాకా, ఆ ఒక్క బొండామే తాగేవాడు.

"ఎంత నిదానం వచ్చిందో చూడవే. ఒక్కొక్క చుక్కా ఆస్వాదిస్తున్నాడు" అనేది అమ్మ.

నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడి ఒంటి నుంచి కువైట్ సెంటు గుప్పుమనేది. అమ్మకి సైనస్. కూర మాడితే మేమే చెప్పాలి. అంచేత ఆవిడకి ఆ సెంటు కూడా తెలీదు. నాకు తెలుసు. మనిషి బాగుపడి శుభ్రంగా తయారవుతున్నాడనుకున్నాను. రోజంతా ఊళ్ళో వాళ్ళందరి చూపూ పరీక్ష చేసి వచ్చేదాన్ని కదా, అలసిపోయి ఉంటాను.

ఎండాకాలం సెలవులకి ముందు అమ్మ కృతజ్ఞతా కూడిక పెట్టింది. మాలో ఇది మామూలే. ఉద్యోగం వచ్చినా, జ్వరం తగ్గినా, కొత్త మోటారు సైకిలు కొన్నా, పదిమందినీ ఇంటికి పిలిచి, ప్రార్థన చేయించి, ఆ మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పి, తరవాత పలావు పెడతారు. సాక్ష్యం అంటే దేవుడు మాకు ఇది చేసేడని అందరి ముందూ నిలబడి ఒప్పుకోవడం. ఒకసారి చెప్పేక అది ఊరి ఆస్తి. కోడలికి పిల్లలు పుట్టేరన్న సాక్ష్యం, ఆ పిల్లలకి మీసాలు వచ్చేదాకా ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు.

అమ్మ తన సాక్ష్యాన్ని చాలా రోజులు వంటింట్లో తనలో తనే చెప్పుకుంది. పప్పు తాలింపులో కొన్ని మాటలు పోయేవి, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేది. నాన్నగారు పోయేక అమ్మ పదిమందిలో నిలబడి తన గురించి ఒక్క మాట చెప్పుకోలేదు. ఊళ్ళో నడుస్తుంటే, "అబ్బాయి ఎలా ఉన్నాడండీ టీచరు గారండీ?" అని అడిగేవారు. ఆ అడగడంలో జాలి ఎంత, చాడీ ఎంత అన్నది తూచి తూచి ఆవిడ మెడ వంగిపోయింది. ఈ ఒక్క కూడికతో మెడ ఎత్తాలని అనుకుంది. నాతో అనలేదు గానీ, చీర కోసం ఏకంగా మూడిళ్ళు దాటి వెళ్ళి ఇస్త్రీ పెట్టె అరువు తెచ్చిందంటే నాకు అర్థం కాదా.

ఆదివారం సాయంత్రం షామియానా వేసేరు, ప్లాస్టిక్ కుర్చీలు వేసేరు. అన్నయ్యే అన్నీ సర్దేడు. తెల్ల చొక్కా వేసుకుని, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టేడు. పాస్టరు గారు వచ్చేరు. పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు బాగా తాగి, తరవాత మారినవారు. ఆ కథ ప్రతి కూడికలోనూ చెప్తారు. మాకు కంఠతా వచ్చు, ఆయన దగ్గితే మేం అందించగలం.

ఎండ తగ్గలేదు. పెద్దలకి బొండాలు ఇద్దామని అమ్మ పెరట్లోకి వెళ్ళింది. నూతి గట్టు మీద చెక్కి పెట్టిన బొండాలు వరసగా ఉన్నాయి. ఒకదానికి అప్పటికే స్ట్రా గుచ్చి ఉంది. ఎవరో తొందరపడి గుచ్చేరనుకుని, ఆ సిద్ధంగా ఉన్నదాన్నే పళ్ళెంలో ముందు పెట్టుకుని, సూటిగా అయ్యగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. బొండాన్ని దాచుకోవాలంటే బొండాల మధ్యకంటే మంచి చోటు లేదని మావాడు అనుకుని ఉంటాడు. తల్లికి తొందర ఎక్కువని మర్చిపోయేడు.

అయ్యగారు స్ట్రా నోట్లో పెట్టుకుని ఒక్కసారి లాగేరు. బుగ్గలు అక్కడే ఆగిపోయేయి. కాసేపటికి గొంతు కదిలింది. మింగేరు.

"తియ్యగా ఉన్నాయాండీ అయ్యగారండీ? మా చెట్టువేనండి. అబ్బాయికి రోజూ ఇవే ఇస్తున్నానండి."

అయ్యగారు అమ్మ మొహం చూసేరు. ఇస్త్రీ చీర చూసేరు.

"ఆయ్" అన్నారు.

అని, బొండాన్ని మెల్లగా కుర్చీ కింద పెట్టేసేరు. పాపం ఈయనకి షుగరు కాబోలనుకున్నాను నేను. గుమ్మం దగ్గర అన్నయ్య తల వంచుకుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంత భక్తి ఎప్పుడు వచ్చిందో అనుకున్నాను.

ఆ రోజు వాక్యం ఎందుకో చిన్నదైపోయింది. ఆయన సొంత కథ కూడా చెప్పలేదు. పలావు వాసన మధ్యలో కూర్చున్న నాకు దీని మీద ఫిర్యాదు లేదు.

అమ్మ లేచింది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. నా కొడుకు మందు మానేసేడండి. దేవుడు నా కొడుకుని నాకు తిరిగి ఇచ్చేడండి. వాడిప్పుడు అమ్మ చేతి కొబ్బరినీళ్ళు తప్ప ఇంకేమీ తాగడండి." ఇంక చెప్పలేక కూర్చుంది.

"స్తోత్రం!" అన్నారు జనం. షామియానా కదిలింది. అందరికంటే గట్టిగా అన్నది మా పక్కింటి పిన్నిగారు. కళ్ళు కూడా తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. నా పరువు కోసం, దుమ్ము పడిందని చెప్పేను.

అందరూ వెళ్ళేక కుర్చీలు మడుస్తున్నాం. పిన్నిగారు సాయం ఉంది. అమ్మ అయ్యగారి కుర్చీ కింది బొండాం తీసి ఊపి చూసింది. "నిండుగా ఉంది. ఆయనకి మరీ మొహమాటం" అని, పారబొయ్యడం ఇష్టం లేక, స్ట్రా నోట్లో పెట్టుకుంది.

ఆగింది.

"ఇవి పులిసిపోయాయే" అంది. మళ్ళీ కొంచెం తాగింది. తప్పు దిద్దేముందు ఇంకోసారి చదివి చూసుకుంటారు చూడండి, అలాగ. "ఇటు రా అమ్మలూ. ఇది వాసన చూడు."

చూసేను. నా ముక్కు చక్కగా పని చేస్తుంది.

"కొబ్బరిచెట్టు తప్పేం లేదమ్మా" అన్నాను. నా జోకుల్లో అంత చెడ్డది ఇంకోటి లేదు. దానికి పిన్నిగారు ఒక్కతే నవ్వబోయి, మధ్యలో ఆగిపోయింది. ఆ ఆగడం అమ్మ చూసింది.

"నీకు తెలుసా?"

"మీకు తెలీదాండీ టీచరు గారండీ?" అంది పిన్నిగారు, మడిచిన కుర్చీని మళ్ళీ విప్పుతూ. "అరుగు మీద కూర్చుని అందరి ఎదురుగానే కదండీ తాగుతున్నాడు. బ్రాందీ షాపు దగ్గర రోజూ ఎవరో ఒకరికి కనిపిస్తూనే ఉన్నాడు. పోనీలే, ఇంటి దగ్గరే పద్ధతిగా తాగుతున్నాడు, మీరే ఒప్పుకున్నారేమో అనుకున్నాం."

"మరి స్తోత్రం అన్నావు?"

"మీరంత సంతోషంగా చెప్తుంటే ఏమంటామండీ."

మా కోనసీమ మర్యాద గురించి బయట గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. ఒక మనిషి గోతిలోకి నడుస్తుంటే, పక్కకి జరిగి దారి ఇచ్చేంత మర్యాద మాది.

అమ్మ అన్నయ్యని పిలిచింది. వాడు తెల్ల చొక్కాలోనే వచ్చేడు. ఆవిడ చేతిలో బొండాం చూసేడు. పరిగెత్తలేదు, ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. అలాంటివేమైనా చేస్తాడేమోనని నేను కొంచెం వెనక్కి జరిగేను కూడా.

"ఏంట్రా ఇది?"

"అయ్యగారు ఏమీ అనలేదు కదమ్మా" అన్నాడు.

"అయ్యగారి సంగతి కాదురా. రోజూ అడిగేను. గేటు దగ్గర నిలబడి రోజూ అడిగేను. మానేసేనని చెప్పేవు."

"చెప్పలేదమ్మా." ఎంత మెల్లగా అన్నాడంటే, మందు చీటీ చదువుతున్నట్టు అన్నాడు. "నువ్వు అడిగేవు. నేను ఆయ్ అన్నాను. మానేసేనని నేను ఎప్పుడైనా అన్నానా? నువ్వే గుర్తు తెచ్చుకో."

అమ్మ గుర్తు తెచ్చుకుంది. నేనూ తెచ్చుకున్నాను. వాడు అన్నది నిజం. ఇన్ని నెలల్లో వాడి నోటి నుంచి ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. వాడు అబద్ధం ఆడలేదు. అబద్ధం మా చేతే ఆడించేడు. నా చేత షాపులో ఆడించేడు, "మా అన్నయ్య బాగున్నాడండీ" అని. అమ్మ చేత దేవుడి ముందు ఆడించేడు.

నాకు వాడు తాగినందుకు కంటే, ఆ యోగా ఆయన జోకు మీద ఎక్కువ కోపం వచ్చింది. అది చెప్తున్నప్పుడు వాడి చేతిలో బొండాం ఉంది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, వాడు స్ట్రా నోట్లో పెట్టుకుని నన్ను చూస్తున్నాడు. నన్ను నవ్వించి, ఆ నవ్వు చాటున తాగేడు. ఆ తరవాత ఆ జోకుని షాపులో ఎవరికీ చెప్పలేదు. మంచి జోకు, వృథాగా పోయింది.

ఆ వారమంతా అమ్మ ఇంట్లో ఎవర్నీ ఏమీ అడగలేదు. గేటు దగ్గర ఆగకుండా వెళ్ళిపోయేది. దింపు తీసే ఆయన వస్తే, "ఇంక ముదిరేకే దింపండి, పచ్చడికి పనికొస్తాయి" అంది. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఉంచేది. బకెట్టు నిండి పొర్లిపోతున్నా చప్పుడు ఆగేది కాదు. ఒకసారి తలుపు కొట్టి, "అమ్మా, గోదావరి ఎండిపోతుంది, వచ్చెయ్" అన్నాను. కుళాయి ఆగింది. ఏడుపు ఆగలేదు. ముందు వినిపించనిది ఇప్పుడు వినిపించింది. నా సాయం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

బయటికి వచ్చి మొహం తుడుచుకుంటూ అంది. "వాడు తాగుతున్నందుక్కాదే. తాగుతాడని లోపల ఎక్కడో భయపడుతూనే ఉన్నాను. కానీ నేను థాంక్స్ చెప్పేనే. జరగని దానికి అందరి ముందూ లేచి దేవుడికి థాంక్స్ చెప్పేను. పైనుంచి వింటూ ఆయన ఏమనుకునుంటాడు?"

"ఆయన కూడా ఆయ్ అనుంటాడు" అన్నాను.

కొట్టడానికి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే నా భుజం మీద పెట్టి, కాసేపు నిలబడింది. బరువుగా ఉంది. ఆవిడ సన్నటి మనిషి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. చర్చిలో పాటలయ్యేక, ఎప్పట్లాగే, "ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే లేవచ్చండి" అన్నారు పాస్టరు గారు. అమ్మ లేచింది. అయ్యగారి మొహం, ఆ వేళ స్ట్రా లాగినప్పటిలాగే అయిపోయింది.

"అందరికీ వందనాలండి. పోయిన ఆదివారం మా ఇంట్లో నేను చెప్పిన సాక్ష్యం తప్పండి. నేను దాన్ని వెనక్కి తీసుకుంటున్నానండి."

మా చర్చిలో సాక్ష్యం చెప్పడమే గానీ, వెనక్కి తీసుకోవడం ఎప్పుడూ లేదు. దానికి ఏ పాట పాడాలో కూడా ఎవరికీ తెలీదు.

"మా అబ్బాయి మందు మానలేదండి. ఆ సంగతి తెలీక నేను చెప్పేను. తెలిసి మీరు విన్నారు. మీ మీద నాకు కోపం లేదని చెప్పడానికి లేచేను గానీ, ఇప్పుడు చూసుకుంటే ఉందండి. అది తగ్గించమని మీరే ప్రార్థన చెయ్యండి."

అన్నీ పూర్తి వాక్యాలే. కూర్చుంది. అప్పుడు వెనక వరస నుంచి, నిద్రలోంచి లేచిన ఎవరో పెద్దాయన, సాక్ష్యం అయిపోయింది కదా అని, అలవాటు మీద, గొంతు చించుకుని అన్నాడు.

"స్తోత్రం!"

నేను నవ్వు ఆపుకోడానికి పాటల పుస్తకంలో మొహం పెట్టుకున్నాను. అమ్మ పక్కకి తిరిగి చూసేను. ఆవిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగు వెనకాల నవ్వో ఏడుపో నాకు ఈనాటికీ తెలీదు. అడిగితే చెప్పదు.

ఆరాధన అయ్యేక పాస్టరు గారు చెప్పులు వేసుకోకుండానే మా దగ్గరికి వచ్చేరు.

"టీచరు గారండీ. ఆ వేళ మీరు నన్ను అడిగినప్పుడు..."

"తియ్యగా ఉన్నాయా అని అడిగేనండి."

"ఆయ్."

"మళ్ళీ అదే అంటున్నారండీ అయ్యగారండీ."

పెద్దాయన తల దించుకున్నారు. ఆయన కథలో ఈ ముక్క ఇంక చేరుస్తారో లేదో తెలీదు. చేరిస్తే బాగుంటుంది, కథ కొంచెం పాతబడింది.

ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాం. వంకాయ, ఎండురొయ్యలు. కూర దించేక అన్నయ్య వచ్చేడు. చర్చికి రాలేదు. చర్చిలో జరిగింది మాత్రం వాడి కంటే ముందే బ్రాందీ షాపుకి చేరిపోయి ఉంటుంది. గుమ్మం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. సెంటు వాసన లేదు. అది లేకుండా ఉన్న వాసన నేను చెప్పక్కర్లేదు. ఇంక దాచాల్సిన పని లేదని వాడు కూడా అనుకున్నట్టున్నాడు.

అమ్మ గరిటె కింద పెట్టింది. ఇన్ని నెలలూ అడిగిన ప్రశ్న అడగలేదు. దాన్ని తిరగేసింది.

"తాగేవా నాన్నా?"

వాడు గోడ వైపు చూసేడు. కాలెండరు వైపు చూసేడు. నా వైపు చూసేడు. నేను ఏదైనా జోకు వేస్తానేమో, గండం గడుస్తుందేమోనని చూసేడు. నేను మంచినీళ్ళ గ్లాసులు సర్దుకున్నాను.

"ఆయ్" అన్నాడు.

"పూర్తి వాక్యంలో చెప్పు."

వాడికి ముప్ఫై దాటేయి. చిన్నప్పుడు ఆ స్కూల్లోనే, ఆ టీచరు దగ్గరే చదువుకున్నాడు. గుమ్మం మీంచి చెయ్యి తీసేసి, నిటారుగా నిలబడ్డాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? అలా నిలబడేసరికి కొంచెం తూలేడు.

"నేను మందు తాగేనమ్మా."

కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పిల్లల పలకల మీద రాతని చూసేటప్పుడు ఆవిడ కళ్ళు ఎలా చిన్నవవుతాయో అలాగ అయ్యేయి.

"తాగేను కాదు. అది అయిపోయిన పని. క్రియ సరిచేసి చెప్పు."

చాలాసేపు పట్టింది. కూర మీద ఆవిరి ఆగిపోయింది. ఏ జోకూ రాలేదు వాడికి. వస్తే నాకు తెలిసేది.

"నేను మందు తాగుతున్నానమ్మా" అన్నాడు.

"ఆఁ" అంది అమ్మ. "కూర్చో."

ఆవిడ కంచం పెట్టింది, అన్నం వడ్డించింది, కూర వేసింది. ప్రేమతో ముందుకు జరపలేదు, కోపంతో విసిరి పెట్టలేదు. నీళ్ళు మాత్రం స్టీలు గ్లాసులో పోసింది, అడుగు కనబడేలాగ. ఇప్పటికీ అలాగే పోస్తుంది. మా ఇంట్లో కొబ్బరినీళ్ళు కూడా గ్లాసులోనే ఇస్తాం, మీరొచ్చినా సరే. ఏమనుకోకండి.